కొత్త మాండొలిన్‌ను మచ్చిక చేసుకోవడం



క్రిస్మస్ పాటల అభ్యాసం మొదలయ్యే రోజులు దగ్గరపడేసరికి గ్రామ సంఘాల యౌవనస్థుల నుండి ఇంచుమించు ఒకే ప్రశ్న వస్తూ ఉంటుంది. "అయ్యగారూ, అందరం తలా కొంత వేసుకొని కొత్త మాండొలిన్ కొన్నాము. చూడటానికి ముచ్చటగా ఉంది. కాని తీగ నొక్కితే వేళ్లు కోసుకుపోతున్నాయి. కింది మెట్ల దగ్గర ఒక శ్రుతి, పై మెట్ల దగ్గర ఇంకొక శ్రుతి పలుకుతోంది. మేము మోసపోయామా?" అని.

చాలా సందర్భాలలో మోసం ఏమీ ఉండదు. కొత్త ఎద్దును కొన్న రైతు మరునాడే దానిని కాడికి కట్టి పదెకరాలు దున్నించడు. మెడకు కాడి అలవాటు చేస్తాడు, పట్టెడలు సరిచూస్తాడు, నాలుగు రోజులు తేలిక పని చెబుతాడు. కర్మాగారం నుండి పెట్టెలో వచ్చిన మాండొలిన్ కూడా అటువంటిదే. అది వాద్యమే కాని, వాయించడానికి ఇంకా సిద్ధపడలేదు. తీగలు ఎత్తుగా ఉంటాయి. బ్రిడ్జి ఉండవలసిన చోట ఉండదు. కొయ్య ఇంకా తీగల బరువుకు అలవాటు పడి ఉండదు. ఈ నెల ఆ సంగతులే ఒక్కొక్కటిగా చెప్పుకొందాము.

బల్లపరుపు మాండొలిన్ అంటే

మాండొలిన్లలో ముఖ్యంగా మూడు రకాలు ఉన్నాయి. ఇటలీలోని నేపుల్స్ పట్టణంలో పేరుపొందినది వెనుక భాగం పుచ్చకాయ డిప్పలాగా గుండ్రంగా ఉండే రకం. అమెరికాలోని కలమజూ పట్టణంలో ఆర్విల్ గిబ్సన్ అనే ఆయన వయొలిన్ మాదిరిగా పై పలకను ఉబ్బెత్తుగా చెక్కి ఇంకొక రకం తయారుచేశాడు. ఆయన పేరుతో 1902లో కంపెనీ ఏర్పడింది. మూడవది పై పలక, వెనుక పలక రెండూ దాదాపు బల్లపరుపుగా ఉండే రకం. దీనిని ఫ్లాట్‌టాప్ అంటారు. చెక్కే పని తక్కువ కాబట్టి ధర తక్కువ. నాదం మెత్తగా, నిండుగా ఉంటుంది. పాటకు తోడుగా వాయించడానికి అనువైనది.

ఈ రకంలో పై పలక పలచనిది. దాని బలమంతా లోపల అతికించిన సన్నని కొయ్య బద్దీలలో ఉంటుంది. మన పెంకుటింటి కప్పుకు వాసాలు ఎటువంటివో దానికి ఆ బద్దీలు అటువంటివి. సన్నరకపు తీగలు ఎనిమిదింటిని సరియైన శ్రుతికి బిగిస్తే ఆ చిన్న పెట్టె మీద పడే లాగుడు మొత్తం ఇంచుమించు 70 కిలోలు. లావు తీగలు వేస్తే 80 కిలోల వరకు పోతుంది. అంటే ఒక మనిషి బరువు. "లావు తీగలైతే గట్టిగా పలుకుతాయి" అని ఎవరో చెప్పారని పలచని పలక మీద బరువు పెంచకండి. ఫ్లాట్‌టాప్‌కు సన్న తీగలే మంచివి. అట్ట మీద అంగుళంలో వెయ్యవ వంతుల లెక్కన 10, 14, 24, 38 అని ఉన్న జత సరిపోతుంది.

కొనేటప్పుడే చూడవలసినవి

నాదరంధ్రం అంచును వెలుతురులో చూడండి. పై పలక మీది గీతలు అంచు మందంలో కూడా సూటిగా దిగితే అది ఒకే చెక్క. పొరలు పొరలుగా కనిపిస్తే ప్లైవుడ్. ప్లైవుడ్ అయినంత మాత్రాన పనికిరాదని కాదు. దానిలో నాదం కొంచెం తక్కువ, కాని ఎండకు వానకు తట్టుకొనే గుణం ఎక్కువ.

తరువాత వాద్యాన్ని తుపాకీ గురి చూసినట్లు తల వైపు నుండి కంటికి ఎత్తి పట్టుకొని మెడ వెంబడి చూడండి. మెడ మెలితిరిగి ఉంటే, అంటే ఒక అంచు పైకి, ఒక అంచు కిందికి ఉంటే, అది తీసుకోవద్దు. ఆ దోషం ఇంటి దగ్గర సరికాదు. బిరడలు ఎనిమిదీ తిప్పి చూడండి. ఒక్కటైనా జారిపోతుంటే ముందుగానే మార్పించుకోండి. మెట్ల చివరలు మెడ అంచున చేతికి గీసుకొంటున్నాయేమో వేలు నడిపి చూడండి. ఈ పనికి అయిదు నిమిషాలు చాలు. కొట్టువాడు తొందరపెట్టినా మీరు తొందరపడవద్దు. అది పది కుటుంబాల డబ్బు.

మొదటి పని: బ్రిడ్జి కూర్చోవాలి

గిటారుకు బ్రిడ్జిని జిగురుతో అతికిస్తారు. మాండొలిన్లలో చాలావాటికి అలా అతికించరు. తీగల ఒత్తిడికే అది పై పలక మీద నిలబడి ఉంటుంది. అందుచేత అన్ని తీగలనూ ఒక్కసారి విప్పితే బ్రిడ్జి ఊడి చేతికి వస్తుంది, దాని చోటు తప్పిపోతుంది. తీగలు మార్చేటప్పుడు ఒక్కొక్కటిగా మార్చాలనే నియమం ఇందుకే.

తీగ కదలిక పై పలకకు చేరేది బ్రిడ్జి పాదాల గుండానే. పాదం కింద సందు ఉంటే నాదం అక్కడే ఆగిపోతుంది. ఒక పలుచని కాగితాన్ని పాదం అంచుల కింద దూర్చి చూడండి. ఎక్కడైనా దూరితే అక్కడ పాదం ఆనడం లేదన్న మాట. దీనికి వడ్రంగి చేసే పని ఒకటి ఉంది. తీగలు వదులు చేసి బ్రిడ్జి తీసి, దాని చోట ఉప్పు కాగితాన్ని గరుకు వైపు పైకి పెట్టి పరచి, బ్రిడ్జిని నిటారుగా పట్టుకొని నిదానంగా ముందుకు వెనుకకు రుద్దాలి. అప్పుడు పలక రూపం ఎలా ఉంటే పాదం అలాగే అరుగుతుంది. మొదట 150 నంబరు కాగితం, చివర 220 నంబరు. పలక మెరుగు మీద గీత పడకుండా చుట్టూ అట్ట వేసుకోవాలి. చేతికి నమ్మకం లేనివారు ఈ పని తెలిసినవారి చేతనే చేయించండి.

బ్రిడ్జికి ముందు వెనుకలు కూడా ఉంటాయి. దాని తలమీద మెట్టు మెట్టుగా చెక్కి ఉంటుంది. అన్నిటికన్నా సన్నని తీగల జత మెడకు దగ్గరగా ఆనాలి, రెండవ జత కొంచెం వెనుకకు, మూడవ జత మళ్లీ ముందుకు, లావు జత వెనుకకు ఆనాలి. తిరగేసి పెడితే ఎంత తంటాలు పడినా శ్రుతి కుదరదు. పెట్టెలో ప్రయాణం చేసి వచ్చిన వాద్యాలలో బ్రిడ్జి తిరగబడి ఉండడం వింత కాదు.

శ్రుతి చేయడం

మాండొలిన్ తీగలు నాలుగు జతలు. వయొలిన్‌కు పాశ్చాత్యులు పెట్టే శ్రుతే దీనికీ. లావు జత నుండి జీ, డీ, ఏ, ఈ. మన హార్మోనియం లెక్కలో చెప్పాలంటే అయిదు, రెండు, ఆరు, మూడు. ప్రతి జతకూ పై జత పంచమం అవుతుంది. లావు తీగను 'స' అనుకొంటే రెండవది 'ప'. రెండవదానిని 'స' అనుకొంటే మూడవది 'ప'. కాబట్టి ఒక తీగను ఏడవ మెట్టు దగ్గర నొక్కితే పక్క జత వట్టి తీగ స్వరం రావాలి. చెవికి ఇంతకంటే మంచి పరీక్ష లేదు.

సెల్‌ఫోనులో శ్రుతి చూపించే యాప్‌లు ఉన్నాయి. అవి ఆరవ శ్రుతిని సెకనుకు 440 కంపనాలుగా లెక్కవేస్తాయి. మందిరంలోని పాత హార్మోనియం ఆ లెక్కకు సరిగ్గా ఉండకపోవచ్చు. హార్మోనియం రీడ్లను ఆదివారం ఉదయం మార్చలేము, తీగను మార్చగలము. కాబట్టి ఆరాధనలో మాండొలినే హార్మోనియంకు తల వంచాలి. ఇంటి దగ్గర ఫోను చూసుకోండి, మందిరంలో హార్మోనియం వినండి.

కొత్త తీగలు సాగుతాయి. శ్రుతి చేసిన తరువాత ప్రతి తీగనూ మధ్యలో వేలితో మెల్లగా పైకి లాగి వదలండి. శ్రుతి దిగుతుంది. మళ్లీ చేయండి. మూడు నాలుగుసార్లు ఇలా చేస్తే తీగ నిలబడుతుంది. ఎప్పుడూ కింది నుండి పైకి బిగిస్తూ శ్రుతికి రావాలి. ఎక్కువైతే బాగా దించి మళ్లీ ఎక్కించాలి. బిరడ పళ్లలో వదులు లేకుండా ఉండేది అప్పుడే. తీగ బిగించేటప్పుడల్లా బ్రిడ్జి తల మెడ వైపు వంగుతుంది. దానిని రెండు చేతులతో పట్టుకొని నిటారుగా సరిచేయడం అలవాటు చేసుకోండి.

వేళ్ల నొప్పి ఎక్కడ పుడుతుంది

ఇక అసలు విషయం. మెట్లకూ తీగకూ మధ్య ఎత్తు మూడుచోట్ల నిర్ణయమవుతుంది. వీటిని ఈ వరుసలోనే చూడాలి. ఎందుకంటే ముందుది మారితే తరువాతిది దానంతట అదే మారుతుంది.

మొదటిది మెడ వంపు. ఒక తీగను మొదటి మెట్టు దగ్గర ఒక వేలితో, పెట్టెతో మెడ కలిసేచోటి మెట్టు దగ్గర ఇంకొక వేలితో నొక్కి పట్టి మధ్యలో చూడండి. తీగకూ మెట్టుకూ మధ్య నోటుపుస్తకం కాగితం ఒకటో రెండో పట్టేంత సందు ఉండాలి. అంతకన్నా ఎక్కువ ఉంటే మెడ ముందుకు వంగినట్లు. ఏమీ లేకపోతే వెనుకకు వంగినట్లు. కొన్ని వాద్యాలకు మెడ లోపల ఇనుప కడ్డీ ఉంటుంది. తల దగ్గర చిన్న మూత కింద దాని మర కనిపిస్తుంది. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే మెడ నిటారవుతుంది. ఒకసారికి పావు చుట్టు కంటె తక్కువే తిప్పి, మరునాటి వరకు ఆగి చూడాలి. బిగుసుకొని ఉంటే బలం ఉపయోగించవద్దు. కడ్డీ లేని వాద్యాలూ ఉన్నాయి.

రెండవది తల దగ్గర తీగలు కూర్చునే గాళ్ల పట్టీ. తీగను రెండవ, మూడవ మెట్ల మధ్య నొక్కి మొదటి మెట్టు మీద చూడండి. వెంట్రుకవాసి సందు ఉంటే చాలు. చవక వాద్యాలలో ఈ సందు చాలా ఎక్కువగా ఉంటుంది. నేర్చుకొనేవారు ఎక్కువగా వాయించేది మొదటి మూడు మెట్ల దగ్గరే కాబట్టి పసివేళ్లను కోసేది ఈ పట్టీయే. అంతేకాదు, అంత దూరం నుండి తీగను కిందికి లాగడం వలన స్వరం కూడా పెరిగిపోతుంది. వట్టి తీగలు సరిగ్గా ఉండి మొదటి మెట్టు మాత్రం అపస్వరంగా పలికితే తప్పు ఇక్కడే. గాళ్లను సన్నని ఆకురాయితో వెంట్రుకంత వెంట్రుకంత లోతు చేయాలి. ఒకసారి ఎక్కువ కోస్తే తీగ మెట్టుకు తగిలి గరగరలాడుతుంది, కోసిన దానిని తిరిగి అతికించలేము. అందుచేత ఇది అనుభవం ఉన్న చేతిపని.

మూడవది బ్రిడ్జి ఎత్తు. 12వ మెట్టు మీద తీగ అడుగు వరకు స్కేలు నిలబెట్టి కొలవండి. ఒకటిన్నర నుండి రెండు మిల్లీమీటర్లు ఉంటే హాయిగా వాయించవచ్చు. బ్రిడ్జికి రెండువైపులా చిన్న పళ్ల చక్రాలు ఉంటే వాటితో ఎత్తు తగ్గించవచ్చు. కాని తీగలు వదులు చేసిన తరువాతే తిప్పాలి. బిగువు మీద తిప్పితే మర అరిగిపోతుంది. చక్రాలు లేని బ్రిడ్జి అయితే పాదం అడుగునో, తలనో అరగదీయాలి.

కొలవడానికి ప్రత్యేకమైన పనిముట్లు కావాలేమో అని అనుకోవద్దు. మోటారు సైకిలు మెకానిక్ దగ్గర ట్యాపెట్లు చూసే ఫీలర్ గేజి ఉంటుంది. దాని రేకులతో ఈ సందులన్నీ కొలవవచ్చు.

ఒక సంఘంలో జరిగినది

నాకు తెలిసిన ఒక గ్రామంలో పత్తి ఏరే కూలికి వెళ్లే కుటుంబాలవారు వారంవారం కొద్దికొద్దిగా దాచి మాండొలిన్ కొన్నారు. నేర్చుకొనే బాధ్యత ఎనిమిదవ తరగతి చదివే అమ్మాయికి అప్పగించారు. నెలన్నర తిరిగేసరికి ఆమె మానేసింది. "ఆ పిల్లకు చేతివాటం లేదండి, అబ్బాయిలకు ఇచ్చి ఉండవలసింది" అన్నారు సంఘపెద్ద ఒకరు. అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. వాళ్ల మామ్మ మాత్రం ఆ పిల్ల చెయ్యి పట్టుకొని నా ముందు చాపింది. "చూడండి అయ్యగారూ, పత్తికాయ ముల్లు గుచ్చుకొన్నా ఏడవని పిల్ల ఇది" అన్నది. వేళ్ల కొసలు చీలి ఉన్నాయి.

పట్టణం నుండి వచ్చిన గిటారు మాస్టారు ఒకాయన స్కేలు పెట్టి చూస్తే 12వ మెట్టు దగ్గర ఎత్తు దాదాపు నాలుగు మిల్లీమీటర్లు. తల దగ్గర పట్టీ కూడా ఎత్తే. ఒక సాయంకాలం కూర్చొని ఆయన రెండూ సరిచేశారు. తరువాత ఆ పెద్దాయననే పిలిచి ముందు పాత ఎత్తులో మిగిల్చిన ఒక తీగను, తరువాత సరిచేసిన తీగను నొక్కమన్నారు. ఆయన రెండూ నొక్కి చూసి, కాసేపు ఆగి, "అమ్మా, రేపటి నుండి నువ్వే వాయించు" అన్నారు.

తల్లిదండ్రులారా, పెద్దలారా, ఈ మాట ఆలోచించండి. "నీకు సంగీతం రాదు" అనే మాట ఒక పిల్లవాడు జీవితాంతం మోస్తాడు. ఆ మాట అనేముందు 12వ మెట్టు మీద స్కేలు పెట్టి చూడడానికి ఒక్క నిమిషం పడుతుంది.

బ్రిడ్జి చోటు

ఎత్తు కుదిరిన తరువాతే బ్రిడ్జి చోటు చూడాలి. తీగ సరిగ్గా సగం పొడవు 12వ మెట్టు దగ్గర వస్తుంది. చాలా మాండొలిన్లకు తీగ మోగే పొడవు సుమారు 352 మిల్లీమీటర్లు, అంటే తల పట్టీ నుండి 12వ మెట్టుకు 176. అక్కడి నుండి మళ్లీ 176 కొలిచి, ఇంకొక ఒకటి రెండు మిల్లీమీటర్లు వెనుకకు బ్రిడ్జి ఉంచండి. ఇది మొదటి అంచనా మాత్రమే.

ఇప్పుడు చెవితో పరీక్ష. 12వ మెట్టు సరిగ్గా పైన తీగకు వేలు ఆనీ ఆననట్లు ఉంచి మీటి, వెంటనే వేలు తీయండి. గంటలాంటి సన్నని స్వరం వస్తుంది. తరువాత అదే మెట్టు దగ్గర తీగను నొక్కి మీటండి. రెండూ ఒకే స్వరం కావాలి. నొక్కిన స్వరం ఎక్కువగా ఉంటే తీగ పొడవు చాలలేదు, బ్రిడ్జిని తోక వైపు జరపాలి. తక్కువగా ఉంటే మెడ వైపు జరపాలి. జరిపేటప్పుడు తీగలు కొంచెం వదులు చేయండి. సన్న తీగల వైపు, లావు తీగల వైపు విడివిడిగా చూసుకోండి. కుదిరిన తరువాత పాదాల దగ్గర పెన్సిలుతో కనీకనబడని చుక్కలు పెట్టుకొంటే ఎప్పుడైనా జరిగినా మళ్లీ చోటు దొరుకుతుంది.

మొదటి నెల, మొదటి సంవత్సరం

మొదటి వారం రోజూ శ్రుతి తప్పుతుంది. కంగారుపడవద్దు. తీగలు సాగుతున్నాయి, మెడ సర్దుకొంటోంది, బ్రిడ్జి పాదాలు పలకలోకి ఆనుకొంటున్నాయి. నెల తిరిగిన తరువాత పైన చెప్పిన మూడు ఎత్తులూ, బ్రిడ్జి చోటూ మరొకసారి చూడండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచాక ఇంకొకసారి చూస్తే ఇక ఆ వాద్యం మీ ఊరి గాలికి అలవాటు పడినట్లే.

వేళ్లు కూడా అలవాటు పడాలి. రోజుకు ఒకసారి గంటసేపు కంటె, ఉదయం పావుగంట, సాయంకాలం పావుగంట మేలు. రెండు మూడు వారాలలో వేళ్ల కొసలు గట్టిపడతాయి. స్నానం చేసిన వెంటనే, చర్మం నాని ఉన్నప్పుడు వాయించవద్దు. తీగను మెట్టు మీద కాదు, మెట్టుకు కొంచెం వెనుకగా నొక్కితే తక్కువ బలం చాలు.

కోస్తా జిల్లాలలో ఉప్పుగాలికి తీగలు తొందరగా తుప్పుపడతాయి. వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడవండి. తెలంగాణ, రాయలసీమ ప్రాంతాలలో రోహిణి కార్తె ఎండలకు కొయ్యలోని తేమ ఆరిపోయి పలక బీటలు వారవచ్చు. మూతకు రంధ్రాలు చేసిన ప్లాస్టిక్ సబ్బు పెట్టెలో బాగా పిండిన తడి స్పాంజి ఉంచి, కొయ్యకు తగలకుండా వాద్యం పెట్టెలో ఒక మూల పెడితే చాలు. వానాకాలంలో కొయ్య తేమ పీల్చి ఉబ్బుతుంది, తీగల ఎత్తు పెరుగుతుంది. అప్పుడు స్పాంజి తీసివేసి, కొత్త చెప్పుల పెట్టెలలో వచ్చే సిలికా పొట్లాలు రెండు వేయండి. రేకుల కప్పు కింద గోడకు తగిలించడం, మధ్యాహ్నం ఎండలో మూసిన కారులో వదిలివేయడం ఎన్నడూ చేయవద్దు. ఆ వేడికి జిగురు మెత్తబడి బ్రిడ్జి కింద పలక కుంగుతుంది. నెలకొకసారి స్కేలు అంచును నాదరంధ్రం పక్కగా పలకకు అడ్డంగా ఆనించి కుంగు ఏమైనా పెరుగుతోందేమో చూడండి.

పాఠకుల ప్రశ్నలకు జవాబులు

*వాయించగానే తీగలు వదులు చేసి పెట్టాలా?* అవసరం లేదు. వాద్యం శ్రుతిలో ఉండడానికే కట్టబడింది. రోజూ వదులు చేసి బిగిస్తే మెడ ఎప్పటికీ స్థిరపడదు. నెలల తరబడి వాయించకుండా ఉంచవలసి వస్తే, లేక ఎండలో దూరప్రయాణం ఉంటే ఒక స్వరం దించండి, చాలు.

*తీగలకు, పలకకు కొబ్బరినూనె రాయవచ్చునా?* వద్దు. నూనెకు దుమ్ము అంటుకొని తీగ మూగబోతుంది. కొయ్యకు పొడి మెత్తని గుడ్డ చాలు. తల పట్టీ గాళ్లలో తీగ పట్టేసి, బిరడ తిప్పినప్పుడు టక్కుమని శబ్దం వస్తుంటే మెత్తని పెన్సిలు ములికిని ఆ గాళ్లలో రుద్దండి.

*ఎన్నాళ్లు వాయిస్తే కొత్త వాద్యానికి గొంతు తెరుచుకొంటుంది?* వాయించగా వాయించగా కొయ్య నాదం పెరుగుతుందని వాద్యకారులు చాలామంది గట్టిగా నమ్ముతారు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒకే చెట్ల కొయ్యతో రెండు వయొలిన్లు చేయించి, ఒకటి మ్యూజియంలో ఉంచి, ఇంకొకటి రోజూ వాయించే కళాకారునికి ఇచ్చారు. మూడేళ్ల తరువాత అనుభవజ్ఞులైన వయొలిన్ విద్వాంసులు పరీక్షించినా రెండింటి మధ్య చెప్పుకోదగిన తేడా కనబడలేదని 2005లో ప్రకటించారు. కాబట్టి కొయ్య కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు. నెల రోజులలో మనం వినే మార్పులో ఎక్కువ భాగం సరిగ్గా కూర్చున్న బ్రిడ్జిది, స్థిరపడిన తీగలది, అన్నిటికంటె ముఖ్యంగా సాధన చేసిన చేతిది.

*ఇది మన పాటలకు తగినదేనా, గమకాలు పలుకుతాయా?* మన పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ గారు ఆరేళ్ల వయసులో తండ్రి సత్యనారాయణ గారి మాండొలిన్‌ను చేతికి తీసుకొన్నారు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని తీగ మీద పలికించేవాడు. తరువాత శ్రీనివాస్ గారు జంట తీగలు మాని ఒంటి తీగలు, అందులోనూ అయిదు తీగలు ఉన్న ఎలక్ట్రిక్ మాండొలిన్‌తో కర్ణాటక సంగీతమంతా వాయించి, 1998లో పద్మశ్రీ పొందారు. 2014లో కన్నుమూశారు. మన జంట తీగల ఫ్లాట్‌టాప్ మీద అంత దీర్ఘమైన గమకం పలకదు, నిజమే. కాని పాడే గొంతును విని దానిని తీగ మీద వెదకడం అనే ఆయన పద్ధతి మాత్రం ఏ మాండొలిన్‌కైనా పనికివస్తుంది. మీ సంఘంలో బాగా పాడే అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఆమె ఒక చరణం పాడాలి, మీరు విని పలికించాలి.

చివరిగా ఒక మాట. కొత్త వాద్యం కొన్నప్పుడు తీగల ఖర్చుతోపాటు సరిచేయించే ఖర్చు కూడా ముందుగానే లెక్కలో వేసుకోండి. కొన్న ధరలో కొద్ది భాగమే అయినా, అది లేకపోతే కొన్నదంతా గోడకు వేలాడుతుంది. వాద్యాన్ని ఎవరికి అప్పగించారో వారి వేళ్లను నెలకొకసారి చూడండి. పాట ఎలా ఉందో ఆ తరువాత అడగవచ్చు.

వచ్చే నెల ఇదే శీర్షికలో డోలక్ మూతలు, వాటి బిగువు గురించి చెప్పుకొందాము. మీ ప్రశ్నలు రాసి పంపండి.